ఇంట్ల బియ్యం ఉన్నయా

ఎర్ర ఫోను అద్దాల గదిలో ఉంది, నేను బయట బల్ల మీద ఉన్నాను, మధ్యలో తలుపు తెరిచే ఉంది, గాలి రావాలని బాలకృష్ణ దానికి ఇటుక అడ్డం పెట్టాడు, కానీ రోహిణి కార్తెలో గాలి ఎక్కడుంది, వచ్చేదంతా సంతలోని దుమ్మూ ఎండుమిరపకాయల ఘాటూ. తుమ్ము వస్తుంటే ముక్కు నలుపుకుని ఆపుకుంటున్నాను, తుమ్మేలోపల మోగి ఆగిపోతుందేమోనని. నా కొడుకు తుల్సీరాం ఇవాళ చేస్తాడు. సంత రోజు పొద్దు వాలే వేళకి ఏన్కూరులో బాలకృష్ణ బూత్‌కి చేస్తానని రాశాడు, ఆ ఉత్తరం నేనే చదువుకున్నాను, ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి, తప్పు చదివానేమోనని వెనక్కి పోయి మళ్ళీ చదివి. తప్పు చదవలేదు. పోయిన చలికాలంలో మిలిటరీనంతా తీసుకెళ్ళి పాకిస్తాన్ సరిహద్దు మీద నిలబెట్టారు, ఎండలు ముదిరినా అక్కడే ఉంచారు, యుద్ధం అంటారు, కాదంటారు, మళ్ళీ రేపే అంటారు. వాడక్కడ ఇసుకలో లారీ నడుపుతాడు. వాళ్ళ గుంపులో ఇద్దరు డ్రైవర్లకి కలిపి ఒక్క సెలవు వచ్చిందట, వాడికీ షాలేమ్‌రాజుకీ. ఎవరు పోతారో మీరే తేల్చుకోండి, యుద్ధం మొదలైతే ఇదీ ఉండదు అన్నాడట వాళ్ళ సారు. షాలేమ్ తేల్చనన్నాడట, నీ ఇష్టం అన్నాడట. మావాడు దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు, యాడీ అంటే మాలో అమ్మ. "బాపు అడిగినట్టే అడుగుత యాడీ. ఇంట్ల బియ్యం ఉన్నయా అని అడుగుత. నువ్వు లేవంటే నేను బండెక్కుత. ఉన్నయంటే షాలేమ్ ఎక్కుతడు. వాళ్ళమ్మకు ఈ సంగతి తెల్వదు." లేవు. ఎంత చిన్న మాట. పొద్దున తండా నుంచి దిగినప్పటి నుంచీ దాన్ని నోట్లో వక్కలాగా పెట్టుకునే ఉన్నాను, ఊరి చివర కల్వర్టు దగ్గర ఎవరో పలకరిస్తే కూడా అది జారిపోతుందేమోనని తల ఊపి వచ్చేశాను.

తెల్వనిదల్లా వాళ్ళమ్మకే. సంపూర్ణ నా పక్కనే కూర్చుని ఉంది, తల్లాడ నుంచి బస్సులో వచ్చింది, ఒళ్ళో సంచీ, సంచీలో టిఫిను డబ్బా, మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ. వాళ్ళాయన ఇన్నయ్య ట్రాక్టర్లు బాగుచేస్తాడు, ఈమె అంగన్‌వాడీలో ఆయా. ఇద్దరు పిల్లలూ ఖమ్మంలో మిలిటరీ పరుగు పందెంలో కలిశారు, ఒకడు పడిపోతే ఒకడు చెయ్యిచ్చి లేపాడట, ఎవరు పడ్డారో ఎవరు లేపారో ఇప్పటికీ తగాదానే, తుల్సీ నేను లేపిన అంటాడు, షాలేమ్ కూడా అదే అంటాడు. అప్పటి నుంచి ఇద్దరూ కలిసే ఫోను చేస్తారు, అక్కడ లైను దొరకడం కష్టమని, ఒక్కటే బూత్‌కి, ముందు ఒకడూ తర్వాత ఒకడూ. అందుకే మేమిద్దరం ఈ బల్లకి అలవాటు పడ్డాం. "కమ్లక్కా, మీవోడు ఏం సామాను మోస్తున్నడని రాసిండు?" అని అడిగింది ఇందాక. సామాను అనే రాశాడు అన్నాను. "సామానా! మావోడు ఉన్నదున్నట్టు రాసిండు. భూమిల పాతే బాంబులంట. గుంతల రోడ్డు మీద ఎట్ల తోలుతున్నవురా అంటే, ఎడ్లబండి మీద కోడిగుడ్ల బుట్ట లెక్క అన్నడు. నవ్వాల్నా ఏడ్వాల్నా?" అని తనే నవ్వింది. ఆమె ఎప్పుడూ అంతే, ముందు నవ్వి తర్వాత కళ్ళు తుడుచుకుంటుంది. మనవరాలు పుట్టి నాలుగో నెల నడుస్తోంది, కోడలు మహిమ పుట్టింట్లో ఉంది, బూర్గంపాడులో, షాలేమ్ ఇంకా పిల్లని చూడలేదు. ఫొటో పంపితే టోపీలో పెట్టుకున్నాడట, చెమటకి పిల్ల మొఖం పోయిందట, ఇంకోటి పంపమన్నాడట. నేను వింటున్నాను, అవ్ అంటున్నాను, నోట్లో వక్క అటు నుంచి ఇటు మారుస్తున్నాను. కొడుకుని చూడాలని నాకు మాత్రం లేదా. తుల్సీ బాపు పుష్యంలో పోయాడు. కట్టె కాలి చల్లారాక గానీ వాడికి కబురు అందలేదు, అందినా సెలవులన్నీ బందు పెట్టిన రోజులవి. చివరి రోజుల్లో వాకిట్లో మంచం వేయమని, రోడ్డు కనిపించేటట్టు అటు తిప్పమని అడిగేవాడు. రోడ్డు మీద మోటారు వినబడితే తల లేపేవాడు. నేను ఏం చెప్పను, వాడు లారీ తోలుతాడు కాబట్టి లారీ చప్పుడైతే చాలు వాడే అనుకునేవాడు.

బాలకృష్ణ పేపరు బల్ల మీద పారేసి టీ తాగడానికి పక్క హోటలుకి పోయాడు. పేపరు నేను తీసుకున్నాను. సంపూర్ణ చదవదు, ఆమెకి బైబిలు వస్తుంది, పేపరు కళ్ళకి చిన్నగా ఉంటుందంటుంది. నాకు చిన్నదైనా పెద్దదైనా ఒక్కటే, అన్నీ కష్టమే, అందుకే ఏదీ భయం లేదు. జా, తీ, య. ఆగాను. భ, ద్ర. భద్రు, మా ఆయన పేరు పేపర్లో ఎందుకుంది అని వేలు దాని మీదే నొక్కి పెట్టాను. తా. భద్రతా. జాతీయ భద్రతా సలహాదారు. కింద ఫొటోలో పొడుగాటి బల్ల, బల్ల చుట్టూ పెద్దమనుషులు, ఒక్కొక్కరి ముందూ నీళ్ళ సీసా, తెల్ల కాగితం. ఏ మనిషి సలహాదారో ఫొటో కింద రాయలేదు. కానీ నేను పట్టుకున్నాను, ప్రధానమంత్రికి కొంచెం వెనక్కి, కొంచెం పక్కకి, తల వంచి ఉన్నవాడు, ఆయనే అయ్యుండాలి, కాకపోతే నా ముప్పై ఏళ్ళ కాపురం దండగ. మా ఆయన కూడా అలాగే కూర్చునేవాడు. హాతీరాం నాయక్ మా తండాకి పెద్ద, మా ఆయన ఆయనకి కార్బారి, అంటే సలహా చెప్పేవాడు. తండా పంచాయితీలో నాయక్ నులకమంచం మీద ఉంటే కార్బారి కింద చాప మీద, కొంచెం వెనక్కి, కొంచెం పక్కకి, నాయక్ చెవికి తన నోరు అందేటంత దూరంలో. అందరూ నాయక్ మొఖం చూసేవాళ్ళు. నేను మాత్రం దడి సందులోంచి ఆ వెనక తలపాగా చూసేదాన్ని, అది కుడికి వంగితే మాట బయలుదేరిందన్న మాట. బాలకృష్ణ టీ గ్లాసుతో వచ్చి, "ఏందక్కా, సలహాదారుని గంత చూస్తున్నవ్, చుట్టమా?" అన్నాడు. మా ఆయన చేసిన పనే ఈయన చేస్తున్నది అన్నాను. "అబ్బో! ఆయన చెవుల ఊదితే లక్షల మంది లేస్తరక్కా. యుద్ధం జేద్దామంటె యుద్ధం, వద్దంటె వద్దు." మా ఆయన ఊదినా లేచేవాళ్ళురా, లక్షలు కాదుగానీ తండా లేచేది అన్నాను. సంపూర్ణ నవ్వింది, బాలకృష్ణ నవ్వాడు, నేను కూడా నవ్వాను, నవ్వుతుంటే వక్క మింగినంత పనైంది.

అక్షరాలు కూడా ఆయన వల్లే వచ్చాయి, ఆయనకి ఒక్కటీ రాదు గానీ. కళావతి అని పక్క ఊరి పిల్ల మా తండాకి చదువు చెప్పడానికి వచ్చేది, కొట్టంలో కూర్చోబెట్టి, తునికాకు కట్టలు కట్టి నల్లబడ్డ మా చేతులకి పలకలిచ్చి. తుల్సీ అప్పటికే పెద్ద బడికి పోతున్నాడు, వాడు నన్ను చూసి పలక తిరగేసి పట్టుకున్నవే యాడీ అని ఎగతాళి చేసేవాడు. ఈ వయసులో ఎందుకని నేను మానేయబోతే, "పో. నువ్వు నేర్చుకుంటె నాకు కండ్లు వస్తయి," అన్నాడు ఆయన. తర్వాత సంత నుంచి పప్పు పొట్లం కట్టిన కాగితమైనా సరే విప్పి నా ముందు పెట్టేవాడు, చదువు అని. మిరపచేను గట్టు మీద, ఇప్పచెట్టు కింద పూలు ఏరుతూ, భద్రాచలం పోతే గోదావరి మెట్ల మీద, ఎక్కడైనా. నేను కూడబలుక్కుని చదువుతుంటే చుట్ట ఆరిపోయేది ఆయనకి. చదివాక ఒక్కటే అడిగేవాడు. "ముందు ఏం రాసిండ్రు? తర్వాత ఏం రాసిండ్రు?" ఏది ముందుంటే ఏముంది, అంతా ఒకటే వార్త కదా అంటే నవ్వేవాడు. "పిచ్చిదానా, నేను చేసేదంతా గదే. నాయక్‌కి నేను అబద్ధం ఎన్నడు చెప్పిన? ఏది ముందు చెప్పాల్నో, ఏది తర్వాత చెప్పాల్నో, అంతే. వాళ్ళు మన గొడ్లను కట్టేసిండ్రు అని ముందు చెప్తె కర్ర కోసం లేస్తడు. మన గొడ్లు వాళ్ళ జొన్న మేసినయి అని ముందు చెప్తె కూసుంటడు. రెండూ నిజమే. లేచినంక రెండోది చెప్తె ఆయనకి వినబడదు." అప్పుడు కూడా చుట్ట ఆరిపోయే ఉంది, పొయ్యిలోంచి నిప్పు తీసిస్తే నా వేళ్ళ మీంచే అంటించుకున్నాడు, పొగాకు వాసన, ఇప్పపూల వాసన, చేను మీది వేడి, ఇవాళ ఈ బల్ల మీద కూర్చుంటే అన్నీ ఒక్కసారి ముక్కుకి తగులుతున్నాయి, ఎండుమిరపకాయల మధ్యలోంచి.

ఆ గొడ్ల సంగతి ఊరికే చెప్పలేదు ఆయన. నేను కాపురానికి వచ్చిన ఏడాది అది. మా మామ పోతే కార్బారితనం ఈయనకి వచ్చింది, మీసం అప్పుడప్పుడే దిద్దుకుంటున్నాడు, తలపాగా నిలవక రోజుకి పదిసార్లు చుట్టుకునేవాడు. వాగవతలి ఊరివాళ్ళు మా తండా గొడ్లను తోలుకుపోయి వాళ్ళ దొడ్లో కట్టేశారు. పంచాయితీలో కొత్త తలపాగా కుడికి వంగింది. ముందు చెప్పకూడనిది ముందు చెప్పాడు. నాయక్ లేచాడు, తండా లేచింది. మా తండాలో ఒక పద్ధతి ఉంది, ఏ ముసలివాడు పెట్టాడో గానీ, కొట్లాటకి పోదామని సలహా చెప్పినవాడి ఇంట్లోనే పోయినవాళ్ళందరికీ వంట. వాడి బియ్యం, వాడి పొయ్యి. పోయేటప్పుడే ఆకులు కుట్టి వాకిట్లో పరిచి ఉంచాలి, ఒక్కొక్కడికీ ఒక్కొక్క విస్తరి. కొత్తకోడలిని కాబట్టి ఆకులు నా పని. మోదుగాకులు పచ్చిగా ఉన్నాయి, పుల్ల గుచ్చితే పాలు కారుతున్నట్టు తడి వేళ్ళకంటుతోంది, నేను ఒక్కో విస్తరి కుట్టి, ఇది ఫలానావాడికి, ఇది ఫలానావాడికి అని పేర్లు అనుకుంటూ పరిచాను, తండాలో పేర్లు తెలుసుకోవడానికి నాకది మంచి సాకు. అత్త గుండిగలో అన్నం వార్చింది. పొద్దు గుంకకముందే తిరిగొచ్చారు. కాళ్ళు కడుక్కుని కూర్చున్నారు, అన్నం పెట్టుకుంటూ పోయాను, చివర ఒక ఆకు దగ్గర మనిషి లేడు. మోతీలాల్ ఆకు. ద్వాలి కొడుకు. ఆ దొడ్డి దగ్గర రాయి తగిలిందట, వాగు దాటించేలోపలే పోయాడట. పద్ధతిలో ఆ మాట కూడా ఉంది, అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. మనిషి లేకపోయినా ఆకులో అన్నం పెట్టాలి, సలహా చెప్పినవాడే ఆ ఆకు పట్టుకుని ఆ ఇంటికి పోవాలి.

పోయాడు. నేను వెనక పోయాను, కూర ముంత నా చేతిలో ఉంది కాబట్టి. ద్వాలి గడపలో కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాం, ఆకు మొఖాన కొడుతుందనుకున్నాం. ఆమె రెండు చేతులూ చాపి ఆకు తీసుకుంది, ఒళ్ళో పెట్టుకుంది, తినడం మొదలుపెట్టింది. కొడుకు అన్నం. ఈయన ముందర నిలబడి ఉన్నాడు, పొమ్మని ఆమె అనలేదు, అనకపోతే పోకూడదు. మెతుకు మెతుకూ తిన్నది, ఈయన మొఖం మీది నుంచి కళ్ళు తీయకుండా, ఆకు అడుగున అంటుకున్నది కూడా వేలితో తీసి తిన్నది. తర్వాత ఆకు మడిచి ఈయన చేతిలో పెట్టింది. పోలీసులొచ్చారు, కేసులయ్యాయి, గొడ్లు తిరిగొచ్చాయి, అవన్నీ తర్వాత. ఆ రోజు ఆకు మడత చేతిలో పట్టుకుని వాకిట్లోకి వచ్చి ఎక్కడ పారేయాలో తెలియక చాలాసేపు నిలబడ్డాడు మా ఆయన. నేనే తీసుకున్నాను.

అప్పటి నుంచి మొదలైంది. పంచాయితీ వేడెక్కి, నాయక్ కర్ర వైపు చూసి, చెప్పు భద్రూ అన్నాడంటే, ఈయన లేచి దుప్పటి దులుపుకుని మా ఇంటి వైపు తిరిగి, తండా అంతా వినబడేటట్టు కేకేసేవాడు. "కమ్లీ! ఇంట్ల బియ్యం ఉన్నయా?" నేను దడి వెనకాల నుంచి, "లేవు!" గుమ్మి నిండా ఉన్నాయి. నా చేతులతో దంచి పోసినవే ఉన్నాయి. లేవు! ఆయన వెనక్కి తిరిగి చేతులు చాపేవాడు, ఏం జేద్దాం నాయకా, వండి పెట్టలేనోణ్ణి పోదామని ఎట్ల చెప్త అని. నాయక్ మీసాల్లో గుర్రుమనేవాడు. "నీ ఇంట్ల ఎన్నడన్న బియ్యం ఉన్నయారా? పండిన వడ్లన్ని ఏమైతున్నయి, ఎలుకలకి పెండ్లి చేసినవా?" ఒకసారి నాయక్‌కి నిజంగానే కోపమొచ్చి తన ఇంటి నుంచి మూట పంపించాడు, ఇగో బియ్యం, ఇప్పుడు చెప్పు అని. పద్ధతి ఒప్పుకోదు, సలహా చెప్పినవాడి బియ్యమే కావాలి, అయినా నాయక్ మాట. మూట వాకిట్లోకి రావడం చూసి నేను పరుగెత్తి తలకి గుడ్డ చుట్టుకుని మంచం మీద పడ్డాను. ఈయన లోపలికి తొంగిచూసి, నోటికి తలపాగా అడ్డం పెట్టుకుని, బయటకి పోయి, "వండే మనిషికి జరం," అన్నాడు. మూట వెనక్కి పోయింది. ఆ రాత్రి ఇద్దరం నవ్వలేక చచ్చాం. తెల్లారేసరికి వాగవతలి పెద్దమనుషులు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు మాట్లాడుకుందామని. అయ్యో, తుల్సీ, వాడికి ఇదంతా ఆట. ఇంకా మొలతాడుతో తిరిగే రోజుల్లోనే, బాపు నోటి వెంట బియ్యం అనే మాట వస్తే చాలు, నేను నోరు తెరిచేలోపల వాడే ఎగురుకుంటూ లేవు లేవు లేవు అని అరిచేవాడు. ఒకసారి మా అన్నవాళ్ళు బండి కట్టుకుని వస్తే, ఈయన ఉట్టిగానే, మామూలుగానే, బియ్యం ఉన్నయా, వండుతవా అని అడిగాడు, వీడు వాకిట్లోంచి లేవు లేవు అని, మా అన్న మొఖం చూడాలి, ఎక్కిన బండి దిగనన్నాడు. ఇంకొంచెం పెద్దయ్యాక వాడికి ఆ మాట అర్థమైంది. లేవు అంటే పోవద్దు. లేవు అంటే ఇంటికి రా.

పక్క హోటల్లో టీవీ పెట్టారు. కొట్టాలె, ఈసారి దెబ్బకు అయిపోవాలె అని ఎవరో, అవ్ అవ్ అని ఇంకెవరో, గ్లాసులు బల్ల మీద కొడుతున్నారు. సంపూర్ణ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది, ప్రార్థన చేసుకుంటోంది. నేను పేపర్లో ఆ వెనక తలని మళ్ళీ చూశాను. అయ్యా, నీకు ఇల్లుందా. వాకిలి ఉందా. దడి వెనకాల ఎవరన్నా ఉన్నారా. నువ్వు ముందు ఏం చెప్తున్నావు, తర్వాత ఏం చెప్తున్నావు. ఆ పొడుగాటి బల్ల మీద నీళ్ళ సీసాలే ఉన్నాయి, ఆకులు లేవు. వాళ్ళందరికీ ఆకులు కుట్టాలంటే మా అడవిలో మోదుగ చాలదు, గోదావరి అవతలి అడవిది కోసుకొచ్చినా చాలదు, కుట్టేదెవరు, ఏది ఎవరిదో పేరు అనుకుంటూ పరిచేదెవరు. ఏ గడపకి ఏ ఆకు పట్టుకుని పోతావు, ఎన్నాళ్ళు నిలబడతావు. నీ మీద కోపం వచ్చి అడగట్లేదు. మా ఆయన కూడా మొదటిసారి తెలియకే చెప్పాడు, ఎవరైనా ఒకసారి లోపలికి కేకేసి అడిగితే బాగుండునని అంతే. అడిగితే లోపలున్న ఆమె చెప్తుంది. గుమ్మి నిండా ఉన్నా చెప్తుంది.

"తిందువు రాయే కమ్లక్కా, పొద్దటి నుంచి ఏం తిన్నవో ఏమో," అని సంపూర్ణ డబ్బా విప్పింది. కొత్త ఆవకాయ కలిపిన అన్నం, నూనె ఎర్రగా మెరుస్తోంది, వాసనకే నోరూరింది. మూతలో సగం పెట్టి నాకిచ్చింది. మామిడికాయలు ఇన్నయ్యే కొట్టాడట, టెంకతో సహా సమంగా, ట్రాక్టరు సామాను కోసినట్టు కొలత పెట్టి. "షాలేమ్‌కి ఒక సీసా, మీవోనికి ఒక సీసా తీసిపెట్టిన. ఎవరు ముందొస్తె వాళ్ళు ఇద్దరియి తీస్కపోవాలె. మీవోడే ముందొస్తడేమో, తండ్రి పోయినోడు, సార్లకి దయ ఉండదా? వస్తె మా ఇంటికి పంపు, బూర్గంపాడు తీస్కపోత, బిడ్డని చూసి పోయి వాళ్ళ నాయనకి చెప్తడు, ముక్కు ఎవరిదో." ఆమె మామూలుగా అంటోంది, వేలికంటిన కారం నాకుతూ. ముద్ద నా నోట్లో ఉంది. లేవు అంటాను. తుల్సీ బండెక్కుతాడు, వాకిట్లో వాళ్ళ బాపు మంచం అటే తిప్పి ఉంది, దాని మీద కూర్చుంటాడు. షాలేమ్ లారీ ఎక్కుతాడు, రెండు లారీల సామాను ఒక్కడే, గుంతల రోడ్డు మీద. అక్కడ కొట్టాలె అనేవాళ్ళ మాట నెగ్గిందనుకో. అప్పుడు తల్లాడ దాకా ఆకు పట్టుకుని పోవాల్సింది ఎవరు. ఈమె తిట్టదు. చేతులు చాపి తీసుకుంటుంది, ఒళ్ళో పెట్టుకుంటుంది, నేను నిలబడే ఉండాలి. మరి ఉన్నయి అంటే? తుల్సీ అక్కడ ఉంటాడు. నా ఆకు నాకు ఎవరు తెస్తారు. ఎవరూ తేరు, ఢిల్లీకి ఆ పద్ధతి లేదు, ఒక కాగితం వస్తుంది, నేనే చదువుకోవాలి, వేలు పెట్టి, కూడబలుక్కుని. ఎందుకు నేర్పించావయ్యా నాకు చదువు. పోయే ముందర ఒక్కసారైనా నువ్వు చెప్పాలి కదా, ఈ మాట చెప్పే పని నా మీద పడుతుందని. నీకైతే నేనున్నాను దడి వెనకాల. నా దడి వెనకాల ఎవరున్నారు.

మోగింది. బాలకృష్ణ ఎత్తి, "కాదు, మిల్లుకి చెయ్," అని పెట్టేశాడు. మళ్ళీ మోగింది. ఎత్తాడు, విన్నాడు, నా వైపు చెయ్యి ఊపాడు. చెయ్యి చీరకి తుడుచుకుని లోపలికి పోయాను, ఇటుకకి కాలు తగిలింది, తలుపు వెనకాలే మూసుకుంది, టీవీ చప్పుడు ఆగింది. చెవిలో మొదట గాలి, ఇసుక గాలి అయ్యుంటుంది, తర్వాత వాడు.

"యాడీ. బాగున్నవా?"

"బాగున్న. తిన్నవారా?"

"తిన్న." గాలి. పక్కన ఇంకొకరు దగ్గినట్టుంది, షాలేమ్ అయ్యుంటాడు. తర్వాత వాడు గొంతు పెంచాడు, ఫోను కాబట్టి కాదు, వాళ్ళ బాపు పెంచినట్టు పెంచాడు, తండా అంతా వినాలన్నట్టు, దుప్పటి దులుపుకుని ఇంటి వైపు తిరిగినట్టు. "యాడీ! ఇంట్ల బియ్యం ఉన్నయా?"

అద్దంలోంచి సంపూర్ణ కనిపిస్తోంది. నేను వదిలేసిన సగం అన్నం మీద మూత తిరగేసి పెట్టి, ఈగలు వాలకుండా చెయ్యి ఆడిస్తోంది, నేనొచ్చి తింటానని. నాలుక పైకి లేచింది. ఇన్నేళ్ళ అలవాటు, ఆ ప్రశ్నకి నా నోట్లో ఒక్కటే జవాబు, అది తనంతట తనే వస్తుంది. పళ్ళు గట్టిగా పట్టుకున్నాను.

"ఉన్నయి," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది, మా ఆయన విని ఉంటే తలపాగా చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

"నిజంగ ఉన్నయా యాడీ?"

"ఉన్నయిరా. ఆ పిల్లగాణ్ణి బండెక్కియ్యి. నువ్వు వచ్చినదాక ఉంటయి. మెల్లగ తోలు."

వాడు నవ్వాడో, ముక్కు పీల్చాడో, మంచిది యాడీ అన్నాడు. ఆ మాటలో బరువు దిగినట్టుంది, వాడు ముందే ఆ మాట కోసం చూస్తున్నాడేమో, నాయక్ కూడా కొన్నిసార్లు పోవద్దని మనసులో తేల్చుకున్నాకే కార్బారిని అడిగేవాడట, నాకెందుకో ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది. ఇంకా ఏదో అడుగుదామనుకున్నాను, షాలేమ్ గొంతు వచ్చింది, అమ్మ ఉందా పెద్దమ్మా అని. బయటికి వచ్చి సంపూర్ణకి సైగ చేశాను. ఆమె లోపలికి పోతూనే అద్దాలు అదిరేటట్టు, "ఎప్పుడు? ఎప్పుడురా? నువ్వా? దేవా, స్తోత్రం, ఎప్పుడురా?" బాలకృష్ణ తల గోక్కుంటూ నా వైపు చూశాడు. నేను బల్ల మీద కూర్చుని, మూత తీసి, మిగిలిన అన్నం తిన్నాను. మెతుకు వదలకుండా తిన్నాను. కారం కళ్ళలోకి వచ్చింది.

ఆమె బయటికి వచ్చేసరికి నేను సంచీ దులుపుతున్నాను. నా రెండు భుజాలూ పట్టుకుని, మావోనికే ఇచ్చిండ్రంట అక్కా, మీవోనికి తర్వాతంట, ఏమనుకోకు అని, నవ్వింది, తర్వాత ఏడ్చింది. మీవోడు ఏమన్నాడు అని అడిగింది. ఇంట్ల బియ్యం ఉన్నయా అని అడిగాడు అన్నాను. "గంత దూరం నుంచి చేసి గిదేనా అడిగేది!" అంది. అవ్, వాళ్ళ బాపు లెక్క అన్నాను. ఆవకాయ సీసాలు రెండూ షాలేమ్ చేతికే ఇవ్వు, ఇద్దరూ అక్కడే తింటారు అన్నాను. తల్లాడ బస్సు హారను కొట్టింది, ఆమె పరుగెత్తింది, కిటికీలోంచి చెయ్యి చాలా దూరం దాకా కనబడింది.

సంత ఎత్తేస్తున్నారు. మిరపకాయల బస్తాలు కుడుతున్నారు, టార్పాలిన్లు మడుస్తున్నారు, కొట్టాలె అన్నవాళ్ళు సైకిళ్ళెక్కి ఇళ్ళకి పోతున్నారు. నేను బియ్యం కొట్టు దగ్గరికి పోయాను. పోయిన ఏడాది ఆయన కౌలుకిచ్చిన చేను సరిగ్గా పండలేదు, ఇంట్లో గుమ్మి అడుగు కనబడుతోంది, పొద్దున చేట పెట్టి గీకితే మట్టి వచ్చింది. నిండా ఉన్నప్పుడు లేవన్నాను ఇన్నేళ్ళు. సంచీ మూతి రెండు చేతులతో తెరిచి పట్టుకున్నాను, కొలిచి పొయ్యమన్నాను, ఇంకా పొయ్యమన్నాను. కొట్టతను నన్ను ఎరుగును, ఒక్కదాన్నే ఉంటానని తెలుసు.

"ఎవరన్న వస్తున్నరా కమ్లమ్మా, కొడుకు గిట్ల?"

"ఇప్పుడు రాడు."

"మరి గిన్ని ఎందుకు?"

"ఉన్నయని చెప్పిన," అన్నాను. సంచీ ఎత్తి నెత్తిన పెట్టమన్నాను.